కెమెరా మోసిన నింద

కొత్త వీడియో కెమెరా ఆవిష్కరణకు ఊళ్ళోని కెమెరామెన్లందరినీ పిలిచి, వేదిక ముందు మెత్తటి కుర్చీలు వేయించారు కంపెనీవాళ్ళు. ఒక్కడు కూర్చుంటే ఒట్టు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళి వెనక గోడకు ఆనుకున్నాడు. జన్మంతా జనం వెనకే నిలబడి బతికినవాళ్ళాయె! మంచినీళ్ళకు వెళ్ళేవాడు కూడా ఎవరి ఫ్రేముకు అడ్డం వస్తానోనని నడుం వంచుకుని వెళ్తున్నాడు. ముందు వరుసలో కూర్చున్నది ఒకే ఒక్క మనిషి, రోలింగ్ బాబాయి భార్య. ఆవిడ ఎడిటింగు చేస్తుంది. కూర్చుని చేసే పని.

షూటింగుల్లో కెమెరా తిరగడం మొదలవగానే "రోలింగ్" అని అరిచి అరిచి, ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే మాట అనేవాడు గనక బాబాయికి ఆ పేరు స్థిరపడింది. పెళ్ళిళ్ళు, బడి వార్షికోత్సవాలు, కొత్త షాపులు, ఊళ్ళో ఆయన భుజం మోయని సంబరం లేదు. ఆ కుడిభుజం ఇప్పుడు రెండోదానికన్నా కిందికి జారింది. ఇవాళ పనేమీ లేకపోయినా పాత కెమెరా సంచి దానిమీదే ఉంది. భుజం సంగతి అందరికీ కనిపిస్తుంది. ఎవరికీ తెలియనిది కంటి సంగతి.

కొన్నాళ్ళుగా ఆయన కుడికంటికి ముఖాలు తడిసిన కాగితం మీది సిరాలా అలుక్కుపోతున్నాయి. ఎడమకన్ను మొదటినుంచీ అంతంతమాత్రమే. దూరం అంచనా వేసి, అలవాటు కొద్దీ ఫోకస్ రింగు తిప్పి నెట్టుకొస్తున్నాడు. సగం షాట్లు మసక. వెనకగదిలో వాటికి అతుకులేస్తూ భార్య పాత కెమెరాను దుమ్మెత్తిపోసేది.

"ఈ ముసలిదాని పని అయిపోయిందండీ! ఇంకా ఎన్నాళ్ళు ఈడుస్తారు దీన్ని?"

ఆయన తల ఊపి ఊరుకునేవాడు. నోరులేని యంత్రం, ఎదురుచెప్పదు కదా! అసలు సంగతి తెలిస్తే ఆమె తనను కెమెరా ముట్టనివ్వదు. కెమెరా లేకుండా తెల్లారితే ఏం చేయాలో ఆయనకు ఊహకైనా అందదు. అందుకే నిజం కడుపులో పెట్టుకున్నాడు.

ఈ కొత్తది మనిషి ముఖాన్ని దానంతటదే పట్టుకుని ఫోకస్ చేసుకుంటుందట. చూసొద్దాం రమ్మని ఆమె వెంటపడింది. ఆయనా ఆశపడ్డాడు. అదే నిజమైతే ఇంకొన్నాళ్ళు గుట్టు దాగుతుంది. ఆశపడ్డాడు గానీ, హాలు మెట్లెక్కేసరికే ప్రాణం ఉసూరుమంది. దాచిపెట్టడం కూడా చాకిరీయే.

కోటు వేసుకున్న కంపెనీ అధికారి ఊదరగొట్టి ఊదరగొట్టి, చివరికి పెద్దవారెవరైనా వేదిక మీదికి రండి అన్నాడు. "పద బాబాయీ, నువ్వే!" అంటూ గోడ దగ్గరివాళ్ళు ఆయన్ని ముందుకు తోశారు.

కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా కెమెరా పెట్టారు. పక్కనున్న పెద్ద తెర మీద ఆయన ముఖం, దాని చుట్టూ ఆకుపచ్చ చట్రం. కాసేపు బాగానే ఉంది. ఆయన తల తిప్పాడో లేదో, కెమెరా ఆయన్ని వదిలేసి వెనకున్న పూలకుండీని పట్టుకుంది. పూలు నిగనిగలాడాయి. ముఖం మసకైపోయింది. తెరకు వీపు పెట్టి నిలబడ్డ అధికారికి ఈ సంగతి తెలియదు.

"చెప్పండి బాబాయిగారూ, తెరమీద ఎలా ఉన్నారు?"

బాబాయికి ఎప్పుడూ కనిపించే మసకే కనిపించింది. కొత్త కెమెరా కదా, బాగానే ఉండి ఉంటుందనుకున్నాడు.

"అద్భుతమండీ! మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు."

హాలు గొల్లుమంది. "భలే చురక పెట్టావు బాబాయీ!" అంటూ ఈలలు వేశారు. అధికారి వెనక్కి తిరిగి తెర చూసి, ముఖం కందగడ్డ చేసుకున్నాడు. ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు తట్టింది బాబాయికి. భార్య వైపు చూశాడు. ఆమె ముఖం కంటికి ఆనలేదు గానీ, అంత నవ్వులోనూ ఆ ఆకారం కదలకుండా కూర్చుని ఉంది.

బయట వరండాలో ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎప్పటినుంచి?"

"చాన్నాళ్ళయింది."

"నేనేమో ఆ కెమెరాను నోటికొచ్చినట్టు తిట్టాను."

"తిట్టావు."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ! డాక్టరు దగ్గరికన్నా వెళ్ళేవాళ్ళం."

"వెళ్ళొచ్చాను. ఇక బాగుపడదన్నాడు." ఆయన గోడకు చేరగిలబడ్డాడు. "అలిసిపోయానే."

ఇంటికెళ్ళి కడిగేద్దామనుకున్న ఆమె కోపం ఆ మాటతో నీరుగారిపోయింది. ఏడుపు ఆపుకుని, ఆయన భుజాన ఉన్న సంచి అందుకుంది.

"రేపటి పెళ్ళి నేను తీస్తాను. మీరు పక్కనే నిలబడి ఎటు చూడాలో చెప్పండి."

సంచి బెల్టు ఆయన పొడుగుకు తగ్గట్టు ఉంది. ఆమె వేసుకుంటే సంచి మోకాళ్ళకు తగిలింది. "ఆగు" అని ఆయన దగ్గరికొచ్చి, వేళ్ళతో తడుముకుంటూ బెల్టు బిగించాడు. ఇద్దరూ మెట్లు దిగారు. బరువేమీ లేకపోయినా ఆయన కుడిభుజం వీధి చివరిదాకా కిందికి వాలే ఉంది.