చివరి జానెడు

ఏ ఇంటికి వెళ్ళినా ఆమె స్నానాలగది గడప దగ్గర ఒక క్షణం ఆగుతుంది. కుడికాలి బొటనవేలు లోపల పెట్టి, నేలను పలకరించినట్టు మెల్లగా ఒత్తి, జారదని నమ్మకం కుదిరాకే రెండో కాలు ఎత్తుతుంది. ఒక చేయి గోడ మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం ఇళ్ళకు గచ్చు చేసిన మనిషి, గచ్చును చూసి ఇలా భయపడుతుంటే చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. ఆమెకు రాదు.

ఊళ్ళో ఆమెను అద్దం మేస్త్రి అంటారు. ఆడమనిషిని మేస్త్రి అనడానికి మొదట్లో నోరు తిరగనివాళ్ళు కూడా, ఆమె చేసిన నేలలో తమ మొహం చూసుకున్నాక అలాగే పిలిచారు. రంగుపొడి కలిపిన సిమెంటును తాపీతో పరిచి, అది గట్టిపడీ పడని ఆ కాస్త వ్యవధిలో, మెరుపు తేలేదాకా గులకరాయితో గుండ్రంగా రుద్దుకుంటూ పోతుంది. కోడిగుడ్డంత నల్లరాయి అది. వాళ్ళ నాన్నది. ఆయనా గచ్చుపని వాడే. చిన్నప్పుడు ఇద్దరు కూతుళ్ళనూ పక్కన కూర్చోబెట్టుకుని పనిచేసేవాడు. పెద్దది కబుర్లు చెప్పేది, చిన్నది రాయి అందుకునేది. "బలం వద్దమ్మా, ఓపిక చాలు. నేల నీ చేతిని గుర్తుపట్టేదాకా తిప్పు," అనేవాడు. ఆయన పోయాక రాయి చిన్నదాని సంచిలోకి, కబుర్లు పెద్దదాని నోట్లోకి చేరాయి.

ఆరేళ్ళ కిందట అక్క కొత్త ఇంట్లో స్నానాలగదికి ఎర్ర గచ్చు చేసింది ఆమే. అంత బాగా ఇంకెక్కడా చేయలేదు. కిటికీలోంచి వెలుగు పడితే నేల మీద ఇంకో కిటికీ తెరుచుకునేది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. నలభై రోజులు తిరక్కుండానే అక్క అందులో జారిపడింది. తుంటి విరిగింది. మంచం దిగడానికి ఏడాది పట్టింది, కర్ర మాత్రం చేతిని వదల్లేదు.

"పాడు సబ్బు, కాలి కిందకొచ్చింది," అని అక్క పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది.

కానీ ఆరోజు కబురందగానే పరుగెత్తుకొచ్చిన చెల్లెలు, అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయాక ఖాళీ గదిలోకి చూసింది. సబ్బు గూట్లోనే ఉంది. పొడిగా, పొద్దున్నే విప్పిన కాగితం మీద, ఇంకా అక్షరాలు చెరగకుండా. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్క కూడా అడగలేదు. ఆరేళ్ళుగా ఆ పొడి సబ్బు ఇద్దరి మధ్యా అలాగే ఉంది, అరగకుండా.

ఆ తర్వాత కూడా ఆమె గచ్చు మానలేదు. అయితే వంటగదులూ వసారాలే ఒప్పుకునేది. నీళ్ళు పడే చోటు అనగానే ఏదో ఒక సాకు చెప్పేది. అలాంటి మనిషికి ఒకరోజు అక్క కోడలు ఫోన్ చేసింది.

"చిన్నత్తయ్యా, బాత్‌రూమ్ మొత్తం మారుస్తున్నాం. గోడలకి రాతి టైల్స్, కింద కలర్ ఫ్లోరింగ్. డిజైన్ నేనే గీశాను. మీరొచ్చి చూడాలి."

"నాకు తీరిక లేదమ్మాయ్. మంచి టైల్స్ మేస్త్రిని పంపిస్తాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత అక్క గొంతు. "చిన్నీ, నువ్వొస్తావా, నన్నే కర్ర పట్టుకుని రమ్మంటావా?"

వెళ్ళక తప్పలేదు.

అక్క చూపు ఈమధ్య ఇంకా తగ్గింది. చుట్టూ ఉన్నవి కనిపిస్తాయి గానీ, సూటిగా చూసిన చోట మసక. "నీ మొహం చూడాలంటే నీ చెవి వంక చూడాల్సొస్తోందే. నీకు చెవులు ఇంత పెద్దవని ఇన్నాళ్ళూ తెలీలేదు," అంది గుమ్మంలోనే.

కోడలు గళ్ళకాగితం పరిచింది. శ్రద్ధగల పిల్ల. తూము ఎక్కడ, పట్టుకునే కమ్మీ ఎంత ఎత్తున, కూర్చునే రాతి దిమ్మె ఎక్కడ, అన్నీ కొలిచి గీసింది. గోడలు బూడిదరంగు రాయి, నేలా అదే బూడిదరంగు. పత్రికలో బొమ్మలా ఉంది. మేస్త్రి మాత్రం దాని మీద వేలు ఆనించి వెతికింది. ఆ కాగితం మీద గోడ ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలవుతుందో, మంచి చూపున్న తనకే ఒక క్షణం అంతుపట్టలేదు.

"ఇది కళ్ళున్నవాళ్ళ గదమ్మాయ్. దీన్ని మీ అత్త కళ్ళతో గీద్దాం," అంది.

మర్నాడు నాలుగు చెక్కల మీద నాలుగు రంగుల గచ్చు పోసి ఆరబెట్టి, వారం తిరిగాక తీసుకొచ్చింది. అప్పటికి పాత ఎర్ర గచ్చు పగలగొట్టించేశారు. ఆ ముక్కల కుప్ప వంక ఆమె తల తిప్పలేదు. చెక్కల్ని ఒక్కొక్కటే ఆ గదిలోనే, బూడిదరంగు రాయికి బదులుగా గోడకు పెట్టబోయే నల్లటి రాతిపలక పక్కన ఆనించి, చెంబెడు నీళ్ళు పోసి, అక్కను గుమ్మం దగ్గర నిలబెట్టింది.

"గోడ ఎక్కడ అయిపోయిందో కర్రతో చూపించు."

బూడిదరంగుకు కర్ర గోడ మీదకు పాకింది. ఆకుపచ్చకు గాల్లో తడుముకుంది. ఎరుపు దగ్గర కర్ర కదల్లేదు.

"ఇది కనపడుతోంది," అంది అక్క. "కానీ వద్దులే."

పసుపు పెట్టగానే, కర్ర మొన సరిగ్గా నేలా రాయీ కలిసే గీత మీద టక్కుమంది.

"ఇదిగో. ఎండ పడ్డట్టుంది."

అలా రంగు తేలింది. గోడలకు నల్లరాయి, నేలకు పసుపు గచ్చు, స్నానం చేసే చోట గచ్చు మధ్యలో గరుకు రాతిపలకలు. గచ్చు మీద మెరుపు వద్దే వద్దు. తాపీ పని అవగానే గట్టి కుంచెతో ఒకే వైపుకు గీతలు గీస్తుంది, దువ్విన జుట్టులా. ఆ గీతలు పాదాన్ని పట్టుకుంటాయి.

"అద్దం మేస్త్రి గీతల నేల చేసిందని తెలిస్తే ఊళ్ళో నవ్వరూ?" కోడలు నవ్వింది.

"నవ్వనీ. నవ్వుకి తుంటి విరగదు."

గచ్చు పోసే రోజు ఆమె రాయిని ఇంట్లోనే వదిలేద్దామనుకుంది. కానీ గోడవార అంచులు నొక్కడానికి అది లేనిదే కుదరదు. అంచుల వరకే అని తనకు తానే ఒట్టు పెట్టుకుని సంచిలో వేసుకుంది. మూలనుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ వచ్చింది. పరచడం, నొక్కడం, గీతలు గీయడం. రసమట్టం పెట్టి వాలు చూసుకోవడం. నీళ్ళు తూము వైపుకే పోవాలి, ఒక్క చుక్క కూడా ఆగకూడదు.

అక్క గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. కబుర్లు మొదలయ్యాయి.

"నాన్న గచ్చు చేస్తున్నప్పుడు నిద్రపోయాడే ఒకసారి, గుర్తుందా?"

"ఆయనెప్పుడు నిద్రపోయాడు?"

"చెయ్యి తిరుగుతూనే ఉంది, గురక వస్తోంది. నువ్వు లేపబోతే నేనే ఆపాను. చెయ్యి మెలకువగానే ఉందిలే, మనిషిని పడుకోనీ అని."

చెల్లెలు చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. నాన్న గురక, సున్నపు వాసన, ఆయన మెడ మీద ఎండిన సిమెంటు చుక్కలు, ఒకటొకటిగా గదిలోకి వచ్చి కూర్చున్నాయి. కబుర్లలోనే పని పూర్తయింది. గడప దాటి, చేతులు కడుక్కుని, ఇంటికి బయల్దేరింది.

సగం దారిలో ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

గుమ్మం దగ్గరి చివరి జానెడు మీద కుంచె గీసిందా?

మూల గుర్తుంది. తూము చుట్టూ గీసింది గుర్తుంది. చివర్లో నాన్న గురక గుర్తుంది, తన నవ్వు గుర్తుంది. ఆ నవ్వుతున్నప్పుడు కుడిచేతిలో ఏముంది? కుంచె ఉందా, రాయి ఉందా? ఎంత తవ్వినా చెయ్యి మాత్రం గుర్తుకు రాలేదు. అరచేయి తెరిచి చూసుకుంది. మధ్యలో, నున్నటి వెచ్చదనం లాంటిదేదో ఇంకా తిరుగుతున్నట్టే ఉంది.

వెనక్కి పరుగెత్తింది. అప్పటికే గది కిటికీ అవతల పొద్దు వాలింది. బల్బు ఇంకా బిగించని గదిలో, తడి గచ్చు మసకలో ఒకటే పసుపుగా ఉంది. ముట్టుకుంటే చెడుతుంది. మర్నాడు ఆమె వచ్చేసరికే కోడలు, ఆమె ముందు చెప్పిపెట్టినట్టే, గచ్చు గట్టిపడటానికి నీళ్ళు కట్టేసింది. ఇక ఏడు రోజులు ఆ నీళ్ళు తియ్యకూడదు.

ఆ ఏడు రోజులూ ఆమె ప్రాణం ఆ నీళ్ళ కిందే ఉంది. రోజూ ఏదో వంకతో వచ్చి గుమ్మంలో కూర్చుని లోపలికి చూసేది. నీళ్ళ కింద ప్రతి గచ్చూ అద్దమే. చెయ్యి ముంచి తడిమితే అంతా జారుడుగానే తగిలేది. ఉందో, లేదో. స్నానం చేసి వచ్చే తడి పాదం, గడప దాటడానికి ఎత్తే ముందు ఆనే చోటు సరిగ్గా అదే. అక్క ఇంకోసారి పడితే లేవదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ మాట తిండి దగ్గర, పని దగ్గర, వీధిలో ఎవరో చెంబు జారవిడిచినప్పుడు, ఎక్కడ పడితే అక్కడ ఆమె చెవిలో పడేది.

"ఏమైందే, ఎండిపోయావు?" అంది అక్క ఆమె చెవి వంక చూస్తూ.

"ఏం లేదు. పని ఎక్కువ."

"నీళ్ళ వంక చూస్తూ కూర్చోవడం కూడా పనేనా?"

చెప్పేస్తే పోయేది. కానీ ఒకటి చెప్పాలంటే ముందు ఇంకొకటి, ఆ పొడి సబ్బు సంగతి, చెప్పాలి. లేచి సంచి భుజాన వేసుకుంది.

ఎనిమిదోరోజు పొద్దున్నే ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వచ్చింది. తలుపు తీసిన కోడలు ఉత్సాహంగా, "నీళ్ళు తీసేశాను చిన్నత్తయ్యా. ఎంత బాగుందో. అత్తయ్య ఆగట్లేదు, చూస్తానని లేచి వెళ్తున్నారు," అంది.

సంచి చేతిలోంచి జారింది.

నడవా చివర అక్క వీపు. గుమ్మం తెరిచి ఉంది. తడి ఇంకా ఆరని పసుపు నేల, గీతలు గీతలుగా, మెరుపు లేకుండా. గుమ్మం దగ్గర మాత్రం, కిటికీ వెలుగంతా ఒక్కచోట పోగుపడినట్టు, జానెడు మేర తళతళలాడుతోంది. నాన్న చెయ్యి, తన చెయ్యి, ముప్పై ఏళ్ళ గుండ్రాలు. మసక కంటికి వెలుగున్న చోటే భద్రం. అక్క పాదం గడప దాటి ఆ వెలుగును వెతుక్కుంటూ లేచింది.

"అక్కా" అని అరవబోయి ఆగింది. అరిస్తే ఉలిక్కిపడి అక్కడే తూలిపోతుంది. ఎలా పరుగెత్తిందో తెలియదు. మోకాళ్ళ మీద పడి, అక్క పక్కనుంచి చెయ్యి చాచి, మెరిసే జానెడు మీద అరచేతిని వెల్లకిలా పరిచింది. మరుక్షణం పాదం దిగింది. అక్క బరువంతా వేళ్ళ మీద. కణుపులు నేలకు నలిగాయి. చెయ్యి కదల్చలేదు.

"ఇదేమిటే, ఈ రాయి మెత్తగా ఉంది," అంది అక్క.

"కదలకు. కమ్మీ పట్టుకో. పట్టుకున్నావా? ఇప్పుడు కాలు వెనక్కి."

కోడలు వచ్చి నడుం పట్టుకుంది. పాదం వెనక్కి వెళ్ళి గడప బయట ఆనింది. చెల్లెలు అక్కడే గడప మీద కూర్చుని, నలిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. కోడలు కుర్చీ తెచ్చి అత్తను కూర్చోబెట్టి, మంచినీళ్ళకు వెళ్ళింది.

అక్క వంగి, కర్ర మొనతో గుమ్మం లోపల నేలను గీసింది. గరగర, గరగర. ఒకచోటికి రాగానే చప్పుడు ఆగి, కర్ర నున్నగా జారిపోయింది.

"రాయి తిప్పావు కదూ?"

"నాన్న మాట చెప్పావు. చెయ్యి దానంతటదే..."

"చెయ్యి మెలకువగానే ఉందన్నమాట."

చెల్లెలు, నేల వంక చూస్తూ, "ఆరోజు సబ్బు గూట్లోనే ఉందక్కా," అంది.

"తెలుసు. నేనింకా ముట్టుకోనే లేదు దాన్ని."

"మరి ఎందుకలా చెప్పావు?"

"నీ గచ్చు మీద జారానంటే రాయి నూతిలో పారేసేదానివి. నాన్న గుర్తుగా మనింట్లో తిరిగేది అదొక్కటే." కర్రను ఒళ్ళోకి తీసుకుంది. "సబ్బుకేం, మాటలు పడుతుంది. దాని మనసు నొచ్చుకోదు."

చెల్లెలి వేళ్ళు అప్పటికే వాచాయి. అయినా ఎడమచేత్తో ఉలి పట్టుకుని, ఆ జానెడంతా తనే చెక్కేసింది. ఆ గుంటలో మిగిలిన గరుకు రాతిపలక ఒకటి కోసి కూర్చింది. పసుపు నేలలో నల్లటి చదరం. గళ్ళకాగితంలో లేనిది. కోడలు చూసి, పెన్సిలు తెచ్చి, తన బొమ్మలో కూడా ఆ గడి నల్లగా నింపుకుంది.

నాలుగు రోజుల తర్వాత అక్క తొలిస్నానం. చెల్లెలు తలుపు బయట, వీపు గోడకు ఆనించి నేల మీద కూర్చుంది. లోపల కుళాయి విప్పిన చప్పుడు. చెంబు. నీళ్ళు రాతి మీద పడి, వాలు పట్టుకుని, తూములోకి గుటక వేసినట్టు దిగిన చప్పుడు. మళ్ళీ చెంబు. కర్ర టక్. ఇంకో టక్. ఇప్పుడు లేచింది. ఇప్పుడు కమ్మీ పట్టుకుంది. తిరిగింది. గుమ్మం వైపు మూడు అడుగులు.

ఒకటి. రెండు.

ఏ చప్పుడూ లేదు.

ఆమె రెండు చేతులూ తలుపు మీదకు వెళ్ళాయి.

"చిన్నీ," అంది లోపలి గొంతు, చాలా దగ్గర్నుంచి.

"ఆ."

"ఊపిరి తీసుకోవే. నువ్వు బిగపట్టి కూర్చుంటే బయట ఎవరూ లేరేమోనని నాకు భయమేస్తోంది."

ఆమె ఊపిరి తీసుకుంది, లోపలికి వినపడేలా. అప్పుడు నల్లరాతి మీద పాదం ఆనిన చప్పుడైంది, గరుకుగా.