మెట్ల మీది నీళ్ల డ్రమ్ములు

2023 మార్చి. పోర్ట్ బ్లెయిర్‌లో ఎండలు ముదిరి, కుళాయి నీళ్లు మూడు రోజులకోసారి వస్తున్న రోజులు. జంగ్లీఘాట్‌లో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. ఆ నెల వచ్చిన ఒక కేసు గురించి చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. చెప్పినప్పుడల్లా ఒక ముక్క దాచాను. ఆ ముక్క కోసమే ఇది రాస్తున్నాను.

వరాలమ్మ టీచరుగారు బడిలో నాకు తెలుగు చెప్పారు. రిటైరయ్యాక, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని ఇక్కడి పిల్లల కోసం ఒక వాచకం రాస్తున్నారు. ఆవిడకు అలవాటైన టైపింగ్ సాఫ్ట్‌వేర్ మేడమీది పాత కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా పనిచేయదు. మోకాళ్ల నొప్పులు మేడ ఎక్కనివ్వవు. ఆ పాతదాన్ని కదిపితే మళ్లీ లేవదేమోనని కిందికి దించలేదు. అందుకని కింద ఒక లాప్‌టాప్ పెట్టి రిమోట్ డెస్క్‌టాప్ అమర్చాను. అంటే మేడమీది తెర కింద కనబడుతుంది. కింద టైపు చేస్తే పైన అక్షరం పడుతుంది. రెండింటినీ కలిపేది ముందుగదిలోని రౌటర్, ఇంటికంతా వైఫై పంచే డబ్బా.

వారం తిరక్కుండానే ఫోను.

"ఏట్రా సూర్నారాయణా, తెర బిగుసుకుపోయింది. నేనింకా 'అ' దగ్గరే ఉన్నాను. పిల్లలు 'ఆ' ఎప్పుడు నేర్చుకుంటార్రా?"

వెళ్లి చూస్తే నిజమే. తెర కదలదు. అర నిమిషం తర్వాత, కొట్టిన అక్షరాలన్నీ గుంపుగా వచ్చిపడతాయి. రౌటర్ ఛానెల్, అంటే సిగ్నల్ నడిచే వరస, మార్చాను. మర్నాడు బాగా నడిచింది. బాగుచేశాననుకున్నాను. రెండ్రోజులకు మళ్లీ ఫోను. ఈసారి ఇంకేదో మార్చాను. మళ్లీ అదే తంతు.

మూడోసారి టీచరుగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "కారణం ఏటో తెలిసిందా, లేదా?"

తెలియలేదు. బళ్లో ఆవిడకో పద్ధతి ఉండేది: తప్పు జవాబు చెబితే సున్నా, "తెలీదండీ" అంటే అర మార్కు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆ అర మార్కు నాకు నామోషీ అనిపించింది. వంటింటి గుమ్మంలో ఫోను చూసి నవ్వుకుంటున్న కోడలు కనక కంటపడింది.

"వైఫై మీద లోడు ఎక్కువైందండీ. ఇంట్లో వీడియోలు చూస్తుంటే ఇలాగే ఆగుతుంది," అనేశాను. కొలిచి చూడనైనా లేదు.

కనక చూసేది సినిమాలు కాదు. డిగ్లీపూర్‌లో ఆమె చెల్లెలికి కొడుకు పుట్టి నెలయింది. అంత దూరం వెళ్లే వీలు లేక రోజూ వీడియో కాల్‌లోనే ఆ పిల్లాణ్ణి చూసుకునేది. ఇంట్లో ఫోను సిగ్నల్ అంతంతమాత్రం. టీచరుగారు వైఫై పాస్‌వర్డ్ మార్పించారు, నాచేతే. కనక నావైపు చూసి "అచ్ఛా భయ్యా" అంది, అంతే.

రెండు వారాలు ఆమె పిల్లాణ్ణి చూడలేదు. తెర మాత్రం ఆగుతూనే ఉంది.

మళ్లీ వెళ్లి, ఏం చేయాలో తోచక మేడమెట్ల మీద కూర్చున్నాను. కనక బకెట్‌తో వచ్చింది.

"భయ్యా, ఒక మాట చెప్తాను, నవ్వకు మరి. పానీ వచ్చిన రోజే ఇది ఆగిపోతాది. నువ్వు బాగుచేశానన్న రోజులన్నీ డ్రమ్ములు ఖాళీ అయిన రోజులే."

మెట్ల మలుపులో మూడు పెద్ద డ్రమ్ములు, నిండుగా. నాకు నవ్వు రాలేదు. వైఫైని నీళ్లు పీల్చేసుకుంటాయని నాకు ఎప్పటినుంచో తెలుసు. చుట్టూ కాంక్రీటు, సిగ్నల్ మేడెక్కే దారి ఆ మెట్లొక్కటే. డ్రమ్ములు నిండితే ఆ దారికి నీళ్లగోడ అడ్డం.

డ్రమ్ములు ఖాళీ చేసి చూడాలి, కానీ నీళ్లు పారబోసే కాలం కాదు. బిందెలు, గిన్నెలు, ఆఖరికి ఇడ్లీపాత్ర కూడా నింపాం. రెండో డ్రమ్ము అడుగంటుతుండగా కిందినుంచి కేక: "పడతందిరా! 'క' పడింది! 'ఖ' పడింది! కనకా, 'గ' కూడానే!" మెట్ల మీద ఇద్దరం తడిసి ముద్దై నవ్వాం. సాయంత్రానికి రౌటర్ నుంచి పైదాకా కేబుల్ లాగాను. డ్రమ్ములు మళ్లీ నిండాయి, తెర మళ్లీ ఆగలేదు. కేబుల్ లాగిన రోజే కనకకు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చాను. టీచరుగారు ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని, "ముక్కు అచ్చం నీదేనే!" అని మురిసిపోయారు.

ఇక దాచిన ముక్క. మెట్ల మీది మాట టీచరుగారికి వినబడలేదు. జబ్బు కనిపెట్టింది నేనే అనుకుని వాచకం ముందుపేజీలో నాకు కృతజ్ఞతలు అచ్చేయించారు. నేను కాదనలేదు. పైగా షాపులో ఆ పేజీ చూపించుకున్నాను. కనక వీడియోలకూ దీనికీ సంబంధం లేదనీ ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది రెండో ముద్రణ ప్రూఫులు వచ్చాయని తెలిసి, వెళ్లి అంతా చెప్పేశాను. కనకకు క్షమాపణ చెప్పాను.

"ఇన్నాళ్లూ నువ్వెందుకు చెప్పలేదే?" అన్నారు టీచరుగారు.

"భయ్యాయే చెప్తాడని చూస్తన్నానత్తయ్యా. ఈయన మన తెర కన్నా ఎక్కువసేపు బిగుసుకుపోయాడు."

టీచరుగారు ఎర్రపెన్ను తీసి నా పేరు కొట్టేసి కనక పేరు రాశారు. కొట్టేసిన పేరు పక్కన అర మార్కు వేశారు.

ఆ ప్రూఫు కాగితం అడిగి తెచ్చుకుని షాపు గోడకు అంటించాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా కంప్యూటర్ ముట్టుకునే ముందు, అది ఎప్పుడెప్పుడు ఆగుతోందని ఇంట్లోవాళ్లని అడుగుతాను. కారణం దొరక్కపోతే "ఇంకా తెలీదండీ" అంటాను. ఆ మాటకు నామీద కోపగించుకున్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.