గాలికి అడ్డొచ్చిన ఫ్లెక్సీ

ఈ ఉదయం ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చి, మా మేడ వరండా స్తంభానికి ఫ్లెక్సీ తాడు కట్టుకుంటామని అడిగారు. ఎవరి పుట్టినరోజని కూడా అడక్కుండా సరేనన్నాను. వాళ్లు వెళ్లాక కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. రేపల్లెలో ఫ్లెక్సీ లేని కూడలి ఉండదు. కొత్తది లేచినప్పుడల్లా నాకు మాత్రం పాతదొకటి గుర్తొస్తుంది.

కొన్నేళ్ల కిందటా ఇలాగే ఒకటి కట్టారు. బాపట్ల నుంచి రాబోయే నాయకుడి ముఖం మా వరండానంతా కమ్మేసింది. మండు వేసవి. పడక్కుర్చీలో కూర్చుంటే గాలి తగలదు సరికదా, ఎండ వెలుగుకి ఫ్లెక్సీ వెనకనుంచి ఆయన మీసమే కనబడేది. కొత్తల్లుడిలా వచ్చి కూర్చున్నాడు, కదిలేలా లేడని మా ఆవిడ సణిగేది. ఓ మధ్యాహ్నం ఉక్క భరించలేక, కింద కొట్లో బట్టలు కుట్టే భాయ్‌ని కత్తెర అడిగాను.

“గుడ్డ కత్తెరండి మాస్టారూ, తాడు కోస్తే పదును పోద్ది,” అంటూనే ఇచ్చాడు. ఒక మూల తాడు కోసి, వచ్చిన గాలికి హాయిగా నిద్రపోయాను. లేచేసరికి ఈదురుగాలికి ఫ్లెక్సీ, నాయకుడి ముఖం మధ్యకి చీలి వేలాడుతోంది.

అప్పుడు మున్సిపల్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఊళ్లో రెండు పార్టీలకూ ఒకరి మీద ఒకరికి నెలల తరబడి కోపం కాగుతోంది. బయటపడటానికి ఏదో ఒక సాకు కావాలి. సాయంత్రానికి కూడలిలో ఆ నాయకుడి మనుషుల గుంపు చేరింది. తాడు చివర చూసి కత్తెర కోత అన్నారు. భాయ్ బావమరిది అవతలి పార్టీలో తిరుగుతాడన్నారు. అవతలివాళ్లూ కర్రలతో వచ్చారు. ఇవతలి గుంపును నడిపేవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. చెమటలు కక్కుతూ దిగి వెళ్లి, వాణ్ని పక్కకు పిలిచి, కోసింది నేనేనని చెప్పాను. నమ్మాడు. ఆశ్చర్యపోనైనా లేదు.

“మీరు ఊరుకోండి మాస్టారూ. మీరు కోశారంటే మాకేంటి లాభం? ఇంటికెళ్లి తలుపేసుకోండి.”

వెళ్లి వేసుకున్నాను. నిజం చెప్పేశాను కదా, నా వంతు అయిపోయిందని కాస్త తేలికపడ్డాను కూడా. అదే మాట గుంపు మధ్య నిలబడి గట్టిగా చెప్పాల్సింది. కనీసం భాయ్‌ని పైకి పిలవాల్సింది. అవసరం లేదన్నవాడి చెవిలో మాత్రం వేసి వచ్చాను. కింద షట్టరు మీద పడుతున్న దెబ్బలు తలుపు వెనక నిలబడి విన్నాను. రెండు వైపులా తలలు పగిలాయి. భాయ్ కుడిచెయ్యి విరిగింది.

తర్వాత ఆ కుటుంబం తెనాలి వెళ్లిపోయింది. చాలా కాలానికి ధైర్యం చేసి వెళ్లాను. భాయ్ భార్య మిషను కుడుతోంది. ఆయన ఎడంచేత్తో సుద్దగీతలు గీసి అందిస్తున్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగియదట. కత్తెర నాకిచ్చానని ఆరోజు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఎవరు కోశారని నన్నెవరూ అడగలేదండి. మీవాళ్లు ఓటెవరికేస్తారని అడిగారు, అంతే.”

క్షమించమన్నాను. టీ తాగి వెళ్లమన్నాడు. ఏళ్లు గడిస్తే సర్దుకుంటుందనుకున్నాను. గడిచింది నాకే, ఆ సాయంత్రం ఆయన చేతిలో ఇంకా గడవలేదు.