సున్నం రాళ్ల ప్రెసిడెంటు

గుట్టల్లో మోటారు బండ్లు తోలే మా క్లబ్బుకు ఆయన ప్రెసిడెంటు. ఆదివారం ఇబ్రహీంపట్నంలో చాయ్ తాగి బయల్దేరే ముందు, పుచ్చకాయ బేరమాడేవాడిలా ఒక్కొక్కరి హెల్మెట్ మీద వేలితో టకటకా కొట్టి, "లోపల సరుకున్నదారా?" అని అడిగేవాడు. పిల్లల తండ్రులం కూడా "ఉన్నదన్నా" అనాల్సిందే. లేకపోతే బండి తాళం ఆయన జేబులోకి పోయేది.

ఒకసారి మావాడొకడు బాట తప్పి గుంతలో పడ్డాడు. ఇంకెవరూ పడొద్దని ప్రెసిడెంటు బాటకు రెండు పక్కలా రాళ్లు పాతించి, స్వయంగా సున్నం కొట్టాడు. అవి భూముల ధరలు గుట్టలెక్కుతున్న రోజులు. మరుసటి ఆదివారం వెళ్తే అక్కడ కార్లు ఆగి ఉన్నాయి. ఒక పెద్దమనిషి ఆయన్ని ఆపి, ప్లాట్ల హద్దురాళ్లనుకుని ఆ తెల్లరాళ్లు చూపిస్తూ, "అన్నా, గజం ఎంత చెప్తున్నరు?" అన్నాడు.

"గిది వెంచర్ కాదన్నా, బండ్ల బాట!" అని ప్రెసిడెంటు గొంతు చించుకున్నాడు.

"మంచిగైంది, రోడ్డు గూడ ఏసిన్రన్నట్టు."

అంతవరకూ మమ్మల్ని "పోన్రి" అని వదిలేసిన గుట్ట ఆసామి, ఆ కార్లు చూసి ఏడాదిలోపే ప్లాట్లు చేసి అమ్మేశాడు. మా బాటకు గేటు పడింది. వాచ్‌మన్ మమ్మల్ని బయటే ఆపేశాడు. లోపల ఆ రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ప్రెసిడెంటు వాటిని చూసి, మొదటిసారి తన హెల్మెట్ మీదే టకటకా కొట్టుకున్నాడు.

"ఏం లేదురా," అన్నాడు. "ఉత్త డొల్ల."