గుండ్ల కింది పెద్దోళ్లు

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మాకు మిగిలిన ఆఖరి పొలంలో రాక్షసగుళ్లు ఉండేవి. వలయంగా పాతిన గుండ్లు, నడుమ రాళ్ల కుప్పలు, వాటి అడుగున ఏనాటివారివో సమాధులు. పొలానికి కాపలా ఉన్న ముసలాయన, నేను వెళ్లినప్పుడల్లా చెప్పులు విడిచి నా వెంట నడిచేవాడు. దొరలుగా బతికిన గడీ పోయి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నా, ఆ మర్యాద ఒక్కటి మిగిలిందనుకునేవాణ్ణి.

తెలంగాణ బంద్ నాడు అతను ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచి వచ్చి నాకు ఫోన్ చేయించాడు. నేనూ నడిచే వెళ్లాను. రాళ్లన్నీ తీయించి పొలం కొన్నవాళ్లకు అప్పగిస్తానని ముందురోజే సంతకం పెట్టి ఉన్నాను.

అతని కాళ్లకు చెప్పులున్నాయి.

"నా ముందర చెప్పులతో నిలబడ్డవేంది?" అన్నాను.

అతను నవ్వాడు. "రోడ్డు మీద ఎందుకు ఇడుస్త దొరా? ఆడ గుండ్ల కింద పెద్దోళ్లు పండుకున్నరు. వాళ్లకు ఇడుస్త గని, నీకా?"

అతనే మళ్లీ అందుకున్నాడు.

"పొలం అమ్ముతున్నవంట. అమ్ముకో. గా రాళ్లను మాత్రం జర కదపనియ్యకు. వాళ్లు యాడికి పోతరు చెప్పు?"

సంతకం వెనక్కి తీసుకోలేను. పెట్టానని అతనితో చెప్పలేను. తల ఊపాను.

"దొర తలూపిండు, ఇగ నాకు రంది లేదు. పోయి వాళ్లకు చెప్త," అని అతను ఊరివైపు నడిచాడు.