బాపు కుర్చీ

మా యూనివర్సిటీలో కౌన్సెలింగ్ గదిని ఎక్కడ పెట్టారనుకున్నారు? క్యారమ్స్ గది పక్కన. ఏ మహానుభావుడికి వచ్చిన ఆలోచనో గానీ, లోపలికి పోవాలంటే బోర్డు చుట్టూ గుమిగూడిన పోరగాళ్లందరి ముందునుంచి నడవాలి. "ఏందే, నీకు గూడ మెంటలెక్కిందా?" అని ఒకడు అననే అన్నాడు. "నీకెక్కినంత ఎక్కలేదు లే" అని తలుపు తోసుకుని వెళ్లాను. నోరైతే లేచింది గానీ, లోపలికి వెళ్లగానే ముందు తలుపు గడియ పెట్టాను.

నా బాధ ఇదీ. మూడో ఏడాదిలో పరీక్ష హాల్లో కూర్చుంటే చాలు, అరచేతులు చెమట పట్టేవి, చదివిందంతా తలలోంచి పోయేది. కొన్ని పేపర్లు తెల్లగానే ఇచ్చి వచ్చాను. సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతి మా నాన్నకు, అదే బాపుకు, చెప్పలేదు. పరీక్ష ఉన్నరోజు బాపు గేటు బయట కారాపుకుని కూర్చునేవాడు. "ఎట్ల రాసినవ్ బిడ్డా?" అంటే "మంచిగనే రాసిన బాపు" అనేదాన్ని. ఏడాది పొడుగునా ఆ ముక్కే చెప్పాను.

మా ఊరు రావల్కోల్‌లో బాపును ఎరగనివాళ్లు లేరు. పొలం ఉంది, ప్లాట్ల బేరాలున్నాయి, ఎన్నికలొస్తే ఊపిరాడనంత తిరుగుడుంది. ఇంట్లో ఇంజనీరింగ్ చదువుతున్న మొదటి మనిషిని నేనే. అది చాలదన్నట్టు ఆ ఏడు నా పుట్టినరోజుకు ఊరి మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. 'కాబోయే ఇంజనీరు మా ఇంటి ఆడబిడ్డకు జన్మదిన శుభాకాంక్షలు' అని. పక్కన దండం పెడుతూ బాపు, పైన వరసగా లీడర్లు, కింద మూల ఇంటర్ హాల్‌టికెట్ మీది నా మొహం. యూనివర్సిటీ బస్సు రోజూ దాని ముందే మలుపు తిరిగేది. నేను సీట్లో కిందికి వంగి కూర్చునేదాన్ని. వానలు పడి అంచులు చిరిగినా ఆ దిక్కుమాలిన ఫ్లెక్సీని ఎవరూ విప్పరే!

కౌన్సెలింగ్ మేడమ్‌ది కోస్తా వైపు. బహదూర్‌పల్లి కాలనీలో ఉండేవారు. నా కథంతా విని, "బాపుకు చెప్పడం కష్టంగా ఉందంటున్నావు కదా, ముందు ఇక్కడ చెప్పి చూద్దాం. ఈ కుర్చీలో నేను మీ బాపుని" అన్నారు. అని, నడుం నిటారుగా పెట్టి, "ఏంటమ్మా ఇది? నాతో ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

నాకు నవ్వాగలేదు. "మా బాపు గట్ల మాట్లాడడు మేడమ్. మీరు టీవీ సీరియల్ల నాయిన లెక్క మాట్లాడుతున్రు."

"మరెలా మాట్లాడతారో నువ్వే చెప్పు" అని లేచి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఇటు ఆవిడ నేనయ్యారు. "బాపూ, నా సబ్జెక్టులు పోయాయి" అన్నారు తల దించుకుని. నేను గొంతు పెంచి, "ఏందే గిది? నలుగురిల నా ఇజ్జత్ ఏం గావాలె?" అని మొదలుపెట్టాను. మస్తు తిట్టాను. తిడుతూ తిడుతూ ఒకచోట ఆగిపోయాను. ఎందుకంటే బాపు ఎంత కోపమొచ్చినా చివరికి అనేది ఒక్కటే. అది నా నోటికి దానంతటదే వచ్చింది. "తిన్నవా బిడ్డా?" ఆ మాట అనేసి ఆ కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పటినుంచి దాన్ని బాపు కుర్చీ అనుకునేవాళ్లం. వారం వారం వెళ్లి అందులో కూర్చునేదాన్ని. ఒకరోజు మేడమ్, "ఇక నువ్వు చెప్పగలవు. కుదిరితే మీ బాపుని కూడా ఒకసారి తీసుకురా, ముగ్గురం మాట్లాడుకుందాం" అన్నారు.

దసరా సెలవులిచ్చిన రోజు బాపు కారుతో వచ్చాడు. ఇంకా మేడ్చల్ దాటలేదు. ఎన్నిసార్లు ప్రాక్టీసు చేశానో ఆ మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "బాపు, నా సబ్జెక్టులు పోయినయ్" అన్నాను, అంతే.

బాపు కారు పక్కకు తీసి ఆపాడు. తిట్టలేదు. తిన్నవా అని కూడా అడగలేదు.

"నాకెరుకే బిడ్డా" అన్నాడు. "కాలేజోల్లు ఫోన్ల మెసేజ్ వెట్టిన్రు. ఎన్నడో పోయినేడు."

"మరి ఒక్క మాట గూడ అనలేదేంది?"

"ఏమంటె ఏమైతదో అని భయమైంది. పేపర్లల్ల సూస్తలేమా? గట్టిగొక మాటంటె పిల్లలు ఏం జేసుకుంటున్రో." స్టీరింగ్ మీంచి చెయ్యి తీయలేదు. "పరీక్ష రోజు గేటు కాడ గందుకే కూసునేటోన్ని. నువ్వు బయటికొచ్చేదాక నా పానం పానంల ఉండకపోతుండె."

నాకు ఒళ్లు మండింది, గుండె తరుక్కుపోయింది, రెండూ ఒకేసారి. "మరి గా ఫ్లెక్సీ ఏంది బాపు? అన్నీ తెల్సి గూడ?"

"గది జూస్తె నీకు జర ధైర్యమొస్తదనుకున్న."

అయ్యో బాపూ! నేను బస్సు సీట్లో వంగి దాక్కున్నది నువ్విచ్చే ధైర్యం నుంచా! ఏడాదంతా ఒకే ఇంట్లో, ఒకే పళ్లెంలోంచి రొట్టెలు తీసుకుంటూ, నేను బాపు బాధపడతాడని, బాపు నేను ఏమైపోతానో అని, ఇద్దరం నోరు కుట్టేసుకున్నాం.

కారు స్టార్ట్ చేయబోయి మళ్లీ ఆగాడు. "నాకు గప్పటిసంది నిద్ర వడ్తలేదు. మోటర్ ఏసే నెపంతోని తెల్లారకముందే లేసి బోరు కాడ కూసుంటున్న. మీ మేడమ్ మా అసుంటోల్లతోని గూడ మాట్లాడ్తదా?"

"నిన్ను తీసుకరమ్మనే అన్నది బాపు" అన్నాను. బాపు మొహం చూడాల్సింది. పెళ్లిపిలుపు అందినట్టు నవ్వాడు.

సెలవులైపోగానే వెళ్లాం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. దారి పొడుగునా కుర్చీ కథ చెప్పించుకున్నాడు, "నాతోని మస్తు తిట్టిపిచ్చుకున్నవన్నమాట" అని నవ్వాడు. క్యారమ్స్ పోరగాళ్ల ముందునుంచి తల ఎత్తుకుని నడిచాడు. తలుపుకు తాళం ఉంది. ఆఫీసులో అడిగితే, మేడమ్ కాంట్రాక్టు సెలవుల్లోనే అయిపోయిందట, కొత్తామె ఎప్పుడొస్తుందో తెలియదట. ఆవిడ నంబరు అడిగితే, ఇవ్వం అన్నారు. అరిచాను, కొట్లాడాను. లాభం లేదు.

తిరిగి వచ్చేసరికి బాపు కిటికీ అద్దానికి చేతులు అడ్డంపెట్టి లోపలికి చూస్తున్నాడు. లోపల జవాబు పత్రాల కట్టలు పైదాకా పేర్చి ఉన్నాయి. "నీ కుర్చీ ఏదే?" అన్నాడు. కట్టల కింద దాని కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. వేలు పెట్టి చూపించాను.

"ఇంకో కాడ సూద్దాం బాపు. మేడ్చల్ల డాక్టర్ ఉంటడు."

"వద్దులే బిడ్డా. ఇయ్యాల్నె జర ధైర్యం జేసిన" అని కారు వైపు నడిచాడు.

నా పేపర్లు ఒక్కొక్కటే గట్టెక్కుతున్నాయి. ఆ గదికి కొత్త మేడమ్ కూడా వచ్చారు. ఆ రోజే ఇంటికి పరుగున వెళ్లి, "పోదామా బాపు?" అన్నాను. బోరు దగ్గర కూర్చున్నవాడు తల తిప్పకుండానే, "నాకేమైందే? మంచిగనే ఉన్న" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. పరీక్ష హాలు నుంచి బయటికొచ్చి కారెక్కిన ప్రతిసారీ, ఏడాది పొడుగునా, బాపుకు నేను వినిపించిన గొంతే అది.