నూట ఇరవై ఏడు భాగాలు

1961 మే 14, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మా ఊరు యాడికిలో వడగాలి వీస్తోంది. పడమట మబ్బు పట్టింది గాని చినుకు లేదు. గుంతకల్లు రైల్వేలో గుమాస్తాగా ఉన్న నేను సెలవుకు వచ్చి, ఊళ్ళో సేద్యం చూసుకునే అన్నతో కలిసి వసారాలో నాపరాయి బండల మీద సుద్దముక్కతో ఒక లెక్క చేస్తున్నాను.

నాయన పోయి అప్పటికి ఏడాది. మేమిద్దరం భూమి పంచుకుని వేరుపడతామేమోనని అమ్మకు ఆ ఏడాదంతా ఒకటే దిగులు. ఇద్దరం కాసేపు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే చాలు, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

ఒకటి నుంచి ఏడు వరకు అంకెలను వరుసగా రాస్తే 12,34,567 వస్తుంది. ఒకటీ, తానూ తప్ప దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదీ లేదని నా వాదం. చివర ఏడు ఉంది కనుక రెండు, అయిదు పనికిరావు. అంకెల మొత్తం ఇరవై ఎనిమిది కనుక మూడు పనికిరాదు. ఏడుతో భాగిస్తే అయిదు మిగిలింది.

“భాగం పోతాది చూడప్పా,” అన్నాడు అన్న.

“పోదన్నా.”

“పోకుండా యాడికి పోతాది?”

ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటే తీసుకుంటూ 113 వరకు వచ్చాము. ముప్పై సంఖ్యలయ్యాయి, ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది. ముప్పై ఒకటవది 127. అన్న అడుగున సున్న వేసి తొడ చరిచాడు.

“పోయిందిరా! నూట ఇరవై ఏడు భాగాలు! ఒక్కో భాగానికి తొమ్మిది వేల ఏడువందల ఇరవై ఒకటి!”

అమ్మ గడప దాటి వచ్చింది. చేతులకు జొన్నపిండి అలాగే ఉంది.

“ఉండేది ఎనిమిదెకరాలు. మీరు ఇద్దురు. నూట ఇరవై ఏడు భాగాలు ఎవురెవురికిరా?” మేము నోరు తెరిచే లోపలే ఆమె గొంతు తగ్గింది. “సరే, నన్ను ఎవురి భాగంలో ఏసినారు?”

నవ్వబోయిన అన్న ఆగిపోయాడు. “మన చేను కాదమ్మా. ఇది ఉత్త అంకె.”

“ఉత్త అంకెను కోసేదేంటికి?”

“కోస్తే మిగలకుండా వస్తాదో రాదో చూస్తాండామమ్మా,” అన్నాను.

“మరి చేను?”

“చేను కొయ్యం,” అన్నాడు అన్న. “నువ్వుండంగా కొయ్యం, నువ్వు లేకపోయినా కొయ్యం.”

అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

“అట్లయితే దాన్ని ఎన్ని తునకలైనా చేసుకోండి,” అని లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఇక 9,721 మిగిలింది. 127 కంటే చిన్న ప్రధాన సంఖ్య దేనితోనూ అసలు సంఖ్యకు భాగం పోలేదు. కనుక 9,721కీ పోదు. దాని వర్గమూలం తొంభై తొమ్మిదికి లోపే కాబట్టి అంతకు మించి వెతకవలసిన పని లేదు. నా వాదం ఓడిపోయింది. ఆ పూట జొన్నరొట్టెలు మాత్రం ఎప్పటికంటే రెండు ఎక్కువే తిన్నాను.

ఎనిమిదెకరాల చేను ఈనాటికీ ఒకటిగానే ఉంది. 12,34,567ను శేషం లేకుండా భాగించేవి 1, 127, 9,721, 12,34,567. మొత్తం నాలుగు.